గుడి తలుపు, చాల్ తలుపు



కామాటిపుర గల్లీల్లో, వర్లీ బీడీడీ చాళ్ళలో, ఇంకా ముంబయిలో తెలుగు వినిపించే ప్రతి వరండాలో ఈ మాటలు వింటున్న అమ్మలకు, అక్కలకు, అన్నలకు, తమ్ముళ్ళకు నమస్కారం. చేతిలో పనుంటే ఆపకండి. చపాతీలు ఒత్తుకుంటూనే వినండి.

ముందు తలుపు సంగతి మాట్లాడుకుందాం. చాల్‌లో పెరిగినవాళ్ళకు తలుపు గురించి ఒకరు చెప్పక్కర్లేదు. పొద్దున నల్లా వచ్చే వేళకు తలుపు తెరుస్తాం. రాత్రి చాపలు పరిచేదాకా మూయం. ఉన్నదే ఒక్క ఖోలీ. తలుపు మూస్తే గాలి ఆడదు. గాలి సంగతి అలా ఉంచండి. పట్టపగలు తలుపు మూసి ఉంటే వరండాలో పోయేవాళ్ళు ఊరుకుంటారా? "ఏమైందే, పానం మంచిగ లేదా?" అని తట్టి మరీ అడుగుతారు.

ఈ తలుపును గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు ఒక గుడి సంగతి చెబుతాను. అది అమెరికాలో ఉంది. లాస్ ఏంజెలెస్‌లో, సినిమాలు తీసే హాలీవుడ్‌లో ఉంది. ఆ గుడివాళ్ళ సంఘం పేరు ఈథీరియస్ సొసైటీ. ఆ సంఘం పుట్టింది లండన్‌లో. అక్కడ ఫుల్హమ్ రోడ్డు మీద వాళ్ళ పాత కేంద్రం ఉంది. ఆ గుడికి మూలపురుషుడు ఎవరో తెలుసా? టాక్సీ నడిపిన మనిషి. మన కాలీ పీలీ టాక్సీలాగే లండన్ టాక్సీ. ఆయన పేరు జార్జ్ కింగ్. 1919లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. ఏళ్ళ తరబడి రోజూ గంటలకొద్దీ యోగసాధన చేసేవాడట.

1954 మే 8. శనివారం. కింగ్ లండన్‌లో తన చిన్న గదిలో గిన్నెలు కడుక్కుంటున్నాడు. ఒక గొంతు వినిపించింది. ఆయన చెప్పుకున్న మాటే నేను చెబుతున్నాను. సిద్ధంగా ఉండమని అన్నదట ఆ గొంతు. గ్రహాలన్నిటికీ కలిపి ఒక పార్లమెంటు ఉందట. దానికి భూమ్మీద ఈయనే గొంతుక కాబోతున్నాడట. గిన్నెలు కడిగేటప్పుడే ఎందుకు వినిపించింది అని నన్నడగకండి. మా అమ్మకు కూడా లోకంలోని గొప్ప ఆలోచనలన్నీ మోరీ దగ్గర కూర్చున్నప్పుడే వచ్చేవి.

కొన్నాళ్ళకు కింగ్ గదిలోకి మన దేశం నుంచి ఒక యోగి వచ్చాడట. తలుపు తట్టలేదు. తాళం తీయలేదు. వేసి ఉన్న తలుపులోంచే లోపలికొచ్చాడట. ఏం చేయాలో నేర్పి వెళ్ళాడట. చూశారా, ఈ కథలోనూ తలుపుంది. అది లోపలికి వచ్చే తలుపు. మనకు కావలసింది బయటికి పోయే తలుపు. దాని సంగతి తరవాత.

ఆ రోజుల్లో ఎగిరే పళ్ళాల మాట లోకమంతా మోగిపోతోంది. 1947 జూన్‌లో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే అమెరికన్ తన చిన్న విమానంలోంచి ఆకాశంలో వింత వస్తువులను చూశానన్నాడు. నీళ్ళమీద పళ్ళెం విసిరితే ఎగిరెగిరి పడ్డట్టు పోయాయన్నాడు. పత్రికలవాళ్ళు దాన్ని పట్టుకుని ఎగిరే పళ్ళాలు అని పేరు పెట్టేశారు. మనకు స్వరాజ్యం వచ్చిన ఏడే వాళ్ళకు ఈ పళ్ళాలు వచ్చాయి. ఎవరి అదృష్టం వాళ్ళది.

జార్జ్ కింగ్ ఈ పళ్ళాలనూ, యోగాన్నీ, క్రైస్తవాన్నీ కలిపాడు. ఆయన చెప్పిన ప్రకారం ఏసుక్రీస్తు శుక్రగ్రహం నుంచి వచ్చాడు. బుద్ధుడు కూడా శుక్రుడి నుంచే. మరి మన కృష్ణుడు? శనిగ్రహం నుంచి వచ్చాడట! నవ్వొస్తోంది కదూ. మనకు శని అంటే ఏడున్నరేళ్ళు. మనకు శని అంటే శనివారం నూనె, నల్లనువ్వులు. షిర్డీ వెళ్ళిన ప్రతిసారీ మనవాళ్ళు బస్సు మళ్ళించుకుని శని శింగణాపూర్ కూడా వెళ్ళొస్తారు. అక్కడ ఇళ్ళకు తలుపులుండవని పిల్లలకు చూపించి మురిసిపోతారు. ఆ శని నుంచి వెన్న తినే కృష్ణుడు రావడమంటే మన అవ్వలు ఒప్పుకోరు.

కానీ వెంటనే నవ్వెయ్యకండి. ఆ గుడిలో ఏం చేస్తారో వినండి.

అక్కడ ఒక పెట్టె ఉంటుంది. దాన్ని వాళ్ళు బ్యాటరీ అంటారు. 1973లో కింగ్ ఈ పద్ధతి మొదలుపెట్టాడు. భక్తులు కలిసి నిలబడి మంత్రం జపిస్తారు. అది బౌద్ధుల ఓం మణి పద్మే హూం. ఒక్కొక్కరే ముందుకొచ్చి ఆ పెట్టె వైపు చెయ్యి చాచి ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థన శక్తి పెట్టెలో నిలవ ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఇన్ని గంటల ప్రార్థన నిలవైందని లెక్క కూడా రాసుకుంటారు. ఎక్కడో భూకంపం వచ్చిందనుకోండి, వరద వచ్చిందనుకోండి. అప్పుడు ఆ పెట్టెలోంచి ప్రార్థనను అటు వదులుతారు.

ప్రార్థనను డబ్బాలో పెట్టి దాచడం ఏమిటి అంటారా? మరి తాయెత్తు ఏమిటి? మీ పాప మెడలో, నా చిన్నప్పటి మొలతాడుకు వేలాడిన ఆ రాగి గొట్టం ఏమిటి? ఎవరో ఎక్కడో మంత్రం చదివారు. అది ఆ గొట్టంలో ఉంది. రాత్రి జ్వరమొస్తే పని చేస్తుంది. అదీ నిలవ చేసిన ప్రార్థనే కదా. హాజీ అలీ దగ్గర కట్టించుకొచ్చే దారమూ అంతే. మన తెలంగాణలో కడ్తాల్ దగ్గర పెద్ద పిరమిడ్ ఉంది. అందులో కూర్చుంటే ధ్యానశక్తి పెరుగుతుందని నమ్మేవాళ్ళు మన బంధువుల్లోనే ఉన్నారు. గుళ్ళో విగ్రహం కింద యంత్రం పెట్టి ప్రాణప్రతిష్ఠ చేస్తాం. ఆకారంలో శక్తి నిలుస్తుందన్న మాట మనకు కొత్తది కాదు. పేరు బ్యాటరీ అయ్యేసరికి వింతగా ఉంది, అంతే.

అందుకని కొత్తగా ఉంది కాబట్టి తప్పు అనే మాట మనం అనకూడదు. ముఖ్యంగా కామాటిపుర వాళ్ళం అసలు అనకూడదు. ఎందుకో చెబుతాను.

మన గల్లీలకు ఆ పేరు ఎలా వచ్చింది? కామాటి పనివాళ్ళ వల్ల వచ్చింది. నిజాం ఇలాకా నుంచి మట్టి మోయడానికి, రాయి కొట్టడానికి, మేడలు కట్టడానికి వచ్చిన తెలుగువాళ్ళ వల్ల వచ్చింది. అలా వచ్చినవాళ్ళలో కొందరు కంత్రాటుదార్లయ్యారు. చేతిలో నాలుగు డబ్బులు చేరాయి. 1873 సెప్టెంబర్ 24న పుణేలో జోతిరావు ఫూలే సత్యశోధక్ సమాజ్ పెట్టినప్పుడు, ముంబయిలో ఆయన వెనక నిలిచింది ఎవరు? రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు, వెంకు బాళాజీ కాలేవార్. అందరూ మన తెలుగువాళ్ళే. దేవుడికీ మనిషికీ మధ్య దలాలీ వద్దన్న మాట అది. పురోహితుడు లేకుండా పెళ్ళి చేసుకోవచ్చన్న మాట అది. ఆ కాలంలో అంతకంటే కొత్త మాట ఏముంటుంది? ఎగిరే పళ్ళెం కంటే వింత అది. ఐనా మన పెద్దలు విన్నారు. చందాలిచ్చారు. 1888 మే 11న ఇదే ముంబయిలో సభ పెట్టి జనం ఫూలేను మహాత్మా అన్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ సమాజంలో చేరడానికి పని మానక్కర్లేదు. ఇల్లు అమ్ముకోనక్కర్లేదు. సమాజంలో చేరారు, సభకు వెళ్ళారు, రాత్రికి ఇంటికొచ్చి అన్నం తిన్నారు. మర్నాడు పనికి పోయారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎవరో కొత్త గురువు వచ్చాడు. కొత్త గుడి కట్టాడు. మీ అబ్బాయో, మీ మరదలో అటు వెళుతున్నారు. అది మంచిదా చెడ్డదా ఎలా తెలుస్తుంది?

మనం మామూలుగా ఏం చేస్తాం? అది నిజమా అబద్ధమా అని వాదిస్తాం. ఈ వాదన తేలదు. చూడండి, శుక్రగ్రహం మీద వేడి 460 డిగ్రీల దాకా ఉంటుంది. సీసం కరిగిపోయే వేడి. రష్యావాళ్ళు పంపిన యంత్రాలు అక్కడ దిగి కొలిచాయి. అలాంటి చోట మనుషులెలా ఉంటారు అని మీరడుగుతారు. ఈథీరియస్ వాళ్ళ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. వాళ్ళు మన కంటికి కనపడని సూక్ష్మలోకంలో ఉంటారంటారు. అయిపోయింది. మీ థర్మామీటరు సూక్ష్మలోకంలోకి పోదు. వాదన అక్కడే ఆగిపోతుంది. మీ అబ్బాయి మాత్రం మీతో మాట్లాడటం మానేస్తాడు.

కాబట్టి వేరే ప్రశ్న అడుగుదాం. బయట ఏం మిగిలింది? ఇదీ ప్రశ్న. మళ్ళీ చెబుతున్నాను. అందులోకి వెళ్ళినవాడికి బయట ఏం మిగిలింది?

లోపల ఏముంది అని కాదు. బయట ఏం మిగిలింది అని.

దీన్ని మనకు తెలిసిన కథతో చెబుతాను. స్కైలాబ్ గుర్తుందా? ఇప్పటి పిల్లలకు సినిమా పేరుగా తెలుసు. అది అమెరికావాళ్ళు 1973లో ఆకాశంలోకి పంపిన పెద్ద ప్రయోగశాల. బరువు దాదాపు 77 టన్నులు. 1979 నాటికి అది బాగా కిందికి జారిపోయింది. ఎక్కడ పడుతుందో సరిగ్గా చెప్పలేమన్నారు. అంతే, మన తెలుగు పల్లెల్లో గుండెలు జారిపోయాయి. ఎట్లాగూ పోతాం కదా అని మేకలు కోసుకున్నారు. కోళ్ళు తిన్నారు. అప్పులిచ్చినవాళ్ళు వసూళ్ళకు తిరిగారు. తీసుకున్నవాళ్ళు నవ్వారు.

మా బాపు అప్పుడు ఇక్కడే మేస్త్రీ పనిలో ఉన్నాడు. ఊరి నుంచి ఉత్తరమొచ్చింది. చావైనా బతుకైనా అందరం ఒక్క కాడనే ఉందాం, బండెక్కి రమ్మని. ఆయనకు సుట్టీ దొరకలేదు. దొరికేసరికి స్కైలాబ్ పడిపోయింది. జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి వైపునా ముక్కలు ముక్కలుగా రాలింది. మన మీద ఒక్క మేకు కూడా పడలేదు. అక్కడ ఎస్పెరాన్స్ అనే ఊరివాళ్ళు మాత్రం, మా ఊళ్ళో చెత్త వేశారని అమెరికా అంతరిక్ష సంస్థకు 400 డాలర్ల జరిమానా రాశారు. ఆ జరిమానా ముప్ఫై ఏళ్ళు అలాగే ఉండిపోయింది. 2009లో అమెరికాలో ఒక రేడియో ఆయన తన శ్రోతల దగ్గర చందాలు వసూలు చేసి కట్టేశాడు. రేడియో వినేవాళ్ళ గొప్పతనం అది. మిమ్మల్ని నేను చందా అడగను, భయపడకండి.

నేను చెప్పదలచుకున్నది ఆ మర్నాటి సంగతి. జూలై 12. మన పల్లెల్లో ఏం జరిగింది? జనం బాయి దగ్గర కలుసుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేక పోయింది కదరా అని పడీపడీ నవ్వుకున్నారు. నాగలి భుజాన వేసుకుని పొలం పోయారు. కొందరైతే అప్పుడు పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అనే పేరు పెట్టేశారు. పేరు పెట్టారు గానీ, స్కైలాబ్‌కి ఎవరూ గుడి కట్టలేదు.

ఎందుకు కట్టలేదు? మనవాళ్ళు తెలివైనవాళ్ళని నేను అనను. మేక కోసినప్పుడు ఆ తెలివి ఎక్కడికి పోయింది? 1962 ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు మకరరాశిలో కూడుతున్నాయి, లోకం అంతమైపోతుందన్నప్పుడు దేశమంతా టన్నుల కొద్దీ నెయ్యి హోమాల్లో పోసింది. ఆ తెలివి మనకు అప్పుడూ లేదు. గుడి కట్టకపోవడానికి కారణం వేరే ఉంది. వాళ్ళకు బయట అంతా మిగిలింది. మేక పోయింది గానీ పొలం ఉంది. ఇల్లు ఉంది. చుట్టాలున్నారు. భయపడ్డవాళ్ళు, భయపడనివాళ్ళు ఒకే బాయి నీళ్ళు తాగుతున్నారు. నేను తప్పు నమ్మాను అని చెప్పడానికి సిగ్గు అక్కర్లేదు. తలుపు తెరిచే ఉంది. ఇంట్లోకి వచ్చేశారు.

ఇప్పుడు ఇంకో కథ. ఇది స్కైలాబ్ కంటే ముందుది. 1954లోనే. కింగ్‌కు గొంతు వినిపించిన ఏడే. అమెరికాలో షికాగో పక్కన డొరొతీ మార్టిన్ అనే ఇల్లాలు ఉండేది. ఆమెకూ ఇతర గ్రహాల నుంచి సందేశాలు వచ్చేవట. ఆమె చెయ్యి దానంతట అది రాసుకుపోయేదట. డిసెంబర్ 21న జలప్రళయం వస్తుందనీ, ముందు రాత్రి ఎగిరే పళ్ళెం వచ్చి నమ్మినవాళ్ళను ఎక్కించుకుపోతుందనీ చెప్పింది. ఆమెను నమ్మినవాళ్ళలో చార్లెస్ లాఫెడ్ అనే డాక్టరున్నాడు. మిషిగన్‌లో ఒక కాలేజీలో పనిచేసేవాడు. ఈ నమ్మకాల వల్లే ఆయన ఉద్యోగం పోయింది. పత్రికల్లో పేరు పడింది. ఊరంతా నవ్వింది.

అర్ధరాత్రి అయింది. పళ్ళెం రాలేదు. ఒంటిగంట, రెండు, మూడు. రాలేదు. తెల్లవారుతుండగా ఆమెకు కొత్త సందేశం వచ్చింది. మీరంతా ఇంత భక్తిగా కూర్చున్నారు కాబట్టి దేవుడు ప్రళయాన్ని ఆపేశాడని ఆ సందేశం. డాక్టరు ఒప్పుకున్నాడు. పోనీలే అని లేచి ఇంటికి పోలేదు.

లియోన్ ఫెస్టింగర్ అనే ఆచార్యుడు, ఆయన తోటివాళ్ళు ఈ సంగతి మీద 1956లో పుస్తకం రాశారు. వాళ్ళు పంపిన మనుషులు భక్తుల్లాగా ఆ గుంపులో చేరి చూశారు. జోస్యం తప్పినా కొందరి నమ్మకం ఇంకా గట్టిపడుతుందని ఆ పుస్తకం చెప్పింది. మారువేషంలో చేరినవాళ్ళ మాట ఎంతవరకు నమ్మాలని తరవాత కొందరు పరిశోధకులు నిలదీశారు. ఆ తగాదా పండితులకు వదిలేద్దాం. నాకు డాక్టరు ఒక్కడే కనిపిస్తాడు. ఉద్యోగం పోయింది. పరువు పోయింది. ఆయనకు బయట ఏం మిగిలింది? మన పల్లెలో మేక పోయినవాడు నవ్వాడు. ఈయన దేన్ని చూసుకుని నవ్వాలి?

చూశారా, భయం ఒక్కటే. ఆకాశమూ ఒక్కటే. తేడా ఎక్కడుంది? బయట ఏం మిగిలింది అన్న దగ్గర ఉంది.

ఇంకా దారుణమైన కథ ఒకటుంది. కాస్త గబగబా చెప్పేస్తాను, పిల్లలు వింటూ ఉంటారు. 1997 మార్చిలో కాలిఫోర్నియాలో ఒకే ఇంట్లో 39 మంది ప్రాణాలు తీసుకున్నారు. హేల్ బాప్ తోకచుక్క వెనకాల ఒక ఓడ వస్తోంది, దాంట్లోకి పోవాలి అని వాళ్ళ నాయకుడు ఆపిల్‌వైట్ చెప్పాడు. ఆ సంఘం పేరు హెవెన్స్ గేట్. అంటే స్వర్గద్వారం. పేరులోనే తలుపుంది.

ఆ ఇంటికి తాళం వేసి వాళ్ళను బంధించారా? లేదు. వెళ్ళదలచినవాళ్ళు వెళ్ళచ్చు. కొందరు ఏళ్ళ ముందే వెళ్ళిపోయారు కూడా. కానీ మిగిలినవాళ్ళలో కొందరు ఇరవై ఏళ్ళుగా అందులోనే ఉన్నారు. పేర్లు మార్చుకున్నారు. ఇల్లూ పిల్లలనూ వదిలేశారు. వేసే బట్టలు, తినే తిండి అన్నీ గుంపువే. గొళ్ళెం తీసే ఉంది. గొళ్ళెం తీసి బయటికొస్తే ఎక్కడికి పోవాలి?

ఈ మాట వేరే ఊరివాళ్ళకు విడమరిచి చెప్పాలి. కామాటిపుర వాళ్ళకు అక్కర్లేదు. మనం ఆ గల్లీల్లోనే పెరిగాం. బడికి, ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళ గుమ్మాల ముందు నుంచే పోయాం. ఎక్కడ పుట్టావంటే ఈ పేరు చెప్పడానికి ఒక క్షణం తడబడినవాళ్ళం. ఆ గదుల్లో ఉన్న ఆడవాళ్ళను చూసి కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు, తలుపు తెరిచే ఉంది కదా, పోవచ్చు కదా అని. మనకు తెలుసు. గొళ్ళెం తీసే ఉంటుంది. అప్పు ఉంటుంది. ఊళ్ళో తల్లిగారింటి తలుపు మూసి ఉంటుంది. లోపలి తలుపు కాదు ఆమెను ఆపింది. బయట ఎక్కడో, ఐదువందల మైళ్ళ అవతల మూసిన తలుపు ఆపింది.

కాబట్టి తలుపు అంటే చెక్క కాదు. బయట మిగిలింది తలుపు.

ఇప్పుడు మన హాలీవుడ్ గుడిని ఈ ప్రశ్నతో చూద్దాం. కృష్ణుడు శనిగ్రహం నుంచి వచ్చాడన్న మాట నేను నమ్మను. ఆ బ్యాటరీలో ప్రార్థన నిలుస్తుందనీ నమ్మను. కానీ అక్కడికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటూ, తమ ఇళ్ళల్లో ఉంటూ, వీలున్నప్పుడు గుడికి వెళ్ళి ప్రార్థన చేసి ఇంటికొచ్చేవాళ్ళు. ఏడాదికోసారి ఇంగ్లండ్‌లో హోల్డ్‌స్టోన్ డౌన్ అనే కొండ ఎక్కుతారు. 1958లో మొదలుపెట్టి కింగ్ శక్తి నింపాడని చెప్పుకునే 18 కొండల్లో అది మొదటిది. మనం వేములవాడ పోయొచ్చినట్టు వాళ్ళు ఆ కొండ ఎక్కి దిగుతారు. కొత్త గురువు ఒకడు ఎగిరే పళ్ళెంలో అందరికీ కనపడేలా వస్తాడని నమ్ముతారు గానీ, తేదీ మాత్రం చెప్పరు. తేదీ లేకపోతే ఇల్లమ్ముకోవలసిన తొందరా లేదు. ఇది కావాలని చేసిన ఏర్పాటో కాదో నాకు తెలీదు. కింగ్ 1997లో చనిపోయాడు. హెవెన్స్ గేట్ జరిగిన ఏడే. గుడి నడుస్తూనే ఉంది. నా తీర్పు అడిగితే, అది వింత గుడి. ప్రమాదకరమైన గుడి కాదు.

మరి మన చాల్‌కి వచ్చే గురువుల సంగతి? వాళ్ళు శుక్రుడి మాట ఎత్తకపోవచ్చు. రోగం పోతుందంటారు. కొడుక్కి ఉద్యోగమొస్తుందంటారు. ఇదే ప్రశ్న అడగండి. బయట ఏం మిగులుతుంది?

మీరు భిశీలో, అంటే చిట్టీలో, చేరతారు. నెలకు ఇంత అని కడతారు. చేరేముందు ఏం అడుగుతారు? మధ్యలో మానేస్తే నా డబ్బు ఎంత వెనక్కొస్తుంది అని అడుగుతారా లేదా? అడుగుతారు. పాట ఎవరికి వెళ్ళిందనే దానికంటే ముందు అదే అడుగుతారు. డబ్బు విషయంలో ఇంత జాగ్రత్త ఉన్నవాళ్ళం, మనుషుల విషయంలో ఎందుకు అడగం?

పగ్డీ ఖోలీ ఉంది. భాడా రసీదు మీ అత్తగారి పేరు మీద ఉంది. ఆ రసీదు ఆశ్రమానికి ఇమ్మన్నారనుకోండి, అక్కడ ఆగండి. పని మానేసి సేవకు రమ్మన్నారనుకోండి, అక్కడ ఆగండి. మీ అక్కతో మాట్లాడకు, ఆవిడ భక్తి లేనిది అన్నారనుకోండి, అన్నిటికంటే ముందు అక్కడ ఆగండి. దక్షిణ ఇవ్వండి, తప్పు లేదు. భజనకు వెళ్ళండి, మనసు తేలికవుతుంది. కానీ ఖోలీ మీ దగ్గర ఉండాలి. పని మీ దగ్గర ఉండాలి. తిట్టైనా సరే నిజం చెప్పే మనిషి ఒకరు బయట ఉండాలి. ఈ మూడూ ఉంటే దేవుడు ఏ గ్రహం నుంచి వచ్చినా భయం లేదు.

చివరిగా, ఇప్పటికే ఎవరైనా అలా వెళ్ళిపోయిన ఇంటివాళ్ళతో ఒక మాట.

మా చాల్‌లో రెండో మాళా మీద ఒక పెద్దమ్మ ఉండేది. ఆమె కొడుకు కాలేజీ వదిలేసి ఒక ఆశ్రమంలో చేరిపోయాడు. ఇంటికి రాడు. వచ్చినా మాట్లాడడు. పెదనాన్న మండిపోయాడు. వాడు నా గడప తొక్కొద్దన్నాడు. వాడి ఫోటో తీసి మూల పడేశాడు. పెద్దమ్మ ఆయనతో వాదించలేదు. నెలకో ఇన్‌లాండ్ కవరు తెచ్చుకునేది. రాయడం రాదు ఆమెకు. నాతో రాయించేది. "వాపస్ రా అని రాయకు బిడ్డా," అనేది. "ఆ సామి దొంగోడు అని కూడా రాయకు. చెల్లెకు ఎనిమిదో తరగతిల ఫస్టు నంబర్ వచ్చిందని రాయి. కొత్త నల్లా ఏసిండ్రని రాయి. రేషన్ కార్డుల వాని పేరు తియ్యలేదని రాయి."

ఆరేళ్ళు రాశాను. ఒక్క జవాబు రాలేదు. ఏడో ఏట బోనాల ముందు ఒకరోజు మధ్యాహ్నం వాడు వరండాలో నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాడు. తలుపు తెరిచే ఉంది. పెద్దమ్మ పీట మీదనుంచి లేవలేదు. ఏడవలేదు. బియ్యం ఏరుతూనే తలెత్తి చూసి, "తిన్నవా?" అంది.

ఆ ఆశ్రమంలో ఏం జరిగిందో వాడు ఎప్పుడూ చెప్పలేదు. ఆమె అడగలేదు. తరవాత ఒకసారి మాత్రం వాడు నాతో అన్నాడు. రేషన్ కార్డులో పేరుందన్న మాట చాలాసార్లు చదువుకున్నానన్నాడు.

మీ ఇంట్లో కూడా అలా వెళ్ళిపోయినవాళ్ళు ఉండచ్చు. ఆశ్రమానికే కానక్కర్లేదు. మీరు కోపంతో తలుపు మూసి ఉండచ్చు. ఈ ప్రసంగం అయిపోగానే ఫోన్ తీయండి. గురువు మంచివాడా చెడ్డవాడా అనే మాట ఎత్తకండి. శుక్రుడి సంగతి, శని సంగతి అసలే వద్దు. తిన్నావా అని ఒక్క మాట అడగండి. వాళ్ళు ఫోన్ పెట్టేస్తే వచ్చే వారం మళ్ళీ చేయండి.